బావగారి బండి

పుట్టినరోజుకని కూతురు తెచ్చి ఇచ్చిన డబ్బాను మేస్త్రి ఒకసారి తెరిచి చూసి, మూత పెట్టి, బల్ల కిందికి తోసేశాడు.

లోపల జానెడు మోటార్ సైకిల్ బొమ్మ, ముక్కలు ముక్కలుగా ఉంది. మనమే అతికించుకోవాలి. అన్నీ ప్లాస్టిక్కే.

ముప్ఫై నాలుగేళ్లు లేతు మిషను మీద వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుముని చెక్కిన మనిషాయన. ఆర్నెల్ల కిందట కుడిచేతికి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ వేళ్లు మాట వినడం మానేశాయి. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజుకి వందసార్లు నొక్కమన్నాడు. నాలుగు రోజులు నొక్కి, నేనేమన్నా చంటిపిల్లాడినా అని విసిరికొట్టాడు. అప్పట్నించీ కుర్చీ, కిటికీ, రోడ్డు మీద పోయే జనం. అంతే లోకం. భార్య పలకరిస్తే గయ్యిమనేవాడు.

డబ్బా బల్ల కిందికి పోయిన వారానికి, ఆవిడ కూరలు తరుగుతూ ఒక మాట అంది.

"మీ చెల్లెలు ఫోన్ చేసింది. మీ బావగారు కూడా అలాంటి బండే కొన్నారట."

"వాడికెందుకూ?"

"ఏమో. ప్లాస్టిక్ పొగగొట్టం పీకేసి, రాగిది సొంతంగా చేసి పెట్టారట."

మేస్త్రి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. బావ ఫిట్టరు. ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేశారు. ఎవరి పని నాజూకు అన్న తగువు చెల్లెలి పెళ్లికి ముందు మొదలై, ఇద్దరూ రిటైరయ్యాక కూడా తెగలేదు.

ఆ సాయంత్రమే డబ్బా బల్ల మీదికి ఎక్కింది.

సన్నని రాగి గొట్టాన్ని ఎడమచేత్తో పట్టకారుతో పట్టుకుని కాల్చాడు. కుడిచేత్తో వంచబోతే వేళ్లు వణికాయి. గొట్టం నొక్కుకుపోయింది. రెండోదీ అంతే. లోపల ఇసుక కూరి వంచితే, ఏడోది ఒద్దికగా ఒంపు తిరిగింది. పది రోజులు పట్టింది.

"నాది జంట గొట్టాలని బావకి చెప్పించు," అన్నాడు.

మర్నాడే కబురు తిరిగొచ్చింది. బావ నవ్వాడట.

"చక్రాల మధ్య పుల్లలుంటాయి చూడండి, అవి స్టీలు తీగతో వేస్తున్నారట."

"పుల్లలు కాదు, స్పోకులు."

"అవే. నాకేం తెలుసు?"

నిజమే. నట్టుకీ బోల్టుకీ తేడా తెలియని మనిషి. మేస్త్రి తీగ చుట్ట తెప్పించుకుని చక్రానికి ముప్ఫై ఆరు చొప్పున కోసుకున్నాడు. కిందపడ్డ ప్రతి ముక్కా నేల మీద వెతుక్కుని, తిట్టుకుని, మళ్లీ గుచ్చాడు. అవి పూర్తయ్యేసరికి బావ బ్రేకు బిళ్ళ దగ్గరికి వచ్చేశాడు. అల్యూమినియం రేకు కోసి, దానికి చిల్లులు కూడా పెట్టాడట.

ఎన్ని చిల్లులో కనుక్కోమన్నాడు మేస్త్రి. కనుక్కుని చెబుతానని వెళ్లి, పొద్దున కాఫీతో పాటు నలభై ఎనిమిది అని తెచ్చింది భార్య. మేస్త్రి అరవై పెట్టాడు.

ఒకసారి బావే ఫోన్ చేశాడు. మోకాలి నొప్పి, కారే కుళాయి, పక్కింటివాళ్ల కుక్క... అరగంట మాట్లాడాడు గానీ బండి ఊసెత్తలేదు. మేస్త్రి కూడా ఎత్తలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఎంత గుట్టు మనిషో చూశావా అని భార్య ముందు పళ్లు నూరాడు. ఆవిడ ఔనంది.

ఆఖరికి గొలుసు వంతు వచ్చింది. బావగారి బండికి చక్రం తిప్పితే గొలుసు కదులుతుందట.

"కుదరదు," అన్నాడు మేస్త్రి. "ఒక్కో లింకూ బియ్యపుగింజలో సగం ఉండాలి."

"నేనూ అదే అన్నాను. మా అన్నయ్య వల్ల కాదేమో అంది మీ చెల్లెలు."

రెండు నెలలు. భూతద్దం కింద ఇత్తడి రేకు, ఆకురాయి, సూదిమొన. నూట పది లింకులు. ఆ మధ్యలోనే ఎప్పుడో ఆయన చొక్కా గుండీలు తనే పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి ఆయన గమనించలేదు.

గొలుసు తిరిగిన ఆదివారం, బండిని అద్దాల పెట్టెలో పెట్టుకుని బావ ఇంటికి బయల్దేరాడు. ఎండగా ఉందంది భార్య. తలనొప్పంది. ముందు ఫోన్ చేసి వెళదామంది. చెబితే దాచేస్తాడు, చెప్పకుండానే వెళ్లాలన్నాడు మేస్త్రి.

బావ కళ్లజోడు పెట్టుకుని పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేలికొసతో చక్రం కదిపాడు. గొలుసు మెల్లగా పాకింది. ఇంకాస్త వంగి, మళ్లీ మళ్లీ కదిపి చూశాడు.

"ఇన్నేళ్లూ ఒప్పుకోలేదు గానీ," అన్నాడు చివరికి, "నీ పనితనం నాకు లేదు బావా."

మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ మాట కోసం సగం జీవితం కాచుకున్నాడు మరి. అయినా పైకి బింకంగా, "సరే, ఇంక నీది తీసుకురా. చూద్దాం," అన్నాడు.

భార్యకీ చెల్లెలికీ ఒకేసారి పొయ్యి మీద పాలు గుర్తొచ్చి, చకచకా వంటింట్లోకి నడిచారు.

బావ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "నాదేమిటి బావా, ఇలాంటి బొమ్మలు ఉంటాయని నాకు తెలియడమే ఇవాళ," అన్నాడు.