వెనక తలుపు తాళం

టక్... టక్... టక్... టక్.

కారు నాలుగు తలుపుల తాళాలూ మళ్లీ వాటంతటవే పడ్డాయి. కారాయనకు ఒళ్లు మండిపోయింది.

మెకానిక్ షెడ్డు కుళాయి దగ్గర చూస్తే ఇంకా రోత. మాసిన గడ్డం మనిషెవడో నీలిగళ్ల గుడ్డ కట్టు విప్పి, కుడిచేతి పుండు కడుక్కుంటున్నాడు. చీము కంపు కారుదాకా కొడుతోంది.

కారాయన ముక్కు మూసుకున్నాడు. “ఇలాంటివాళ్లని లోపలికెందుకు రానిస్తావయ్యా?”

“నీళ్లే కదా సార్, కడుక్కుని పోతాడులెండి,” అన్నాడు మెకానిక్. “మీ కారు సంగతి చెప్పండి. మోటార్లు బాగున్నాయి, ఫ్యూజు బాగుంది. మరెందుకు పడుతున్నట్టు?”

“పోయినవారం ఓ దొంగవెధవ వెనక తలుపు అద్దం పగలగొడితే కొత్తది వేయించా. అప్పట్నుంచే ఈ రోగం. ఇది నయమయ్యేదాకా పాపను కారెక్కించనని మా ఆవిడ భీష్మించుకు కూర్చుంది.”

గడ్డం మనిషి మెల్లగా దగ్గరికొచ్చాడు.

“వెనక తలుపు చూడండి. గట్టిగా వేస్తే అన్నీ పడిపోతాయి.”

అని ఊరుకున్నాడా? అద్దానికి చెయ్యానించి, లోపలున్న పిల్లల సీటుకేసి తొంగిచూశాడు.

“పాప కులాసాగా ఉందా సార్?”

“నా పిల్ల ఊసు నీకెందుకురా? ముందా కుళ్లు చెయ్యి తియ్యి!”

ఆ మనిషి చెయ్యి తీశాడు. రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.

కారాయన అద్దం మీది తడి మరకను గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని చెత్తబుట్టలో పారేశాడు.

మెకానిక్ వెనక తలుపు దభీమని వేశాడు. టక్! అన్నీ పడ్డాయి.

తలుపు సందులోని రబ్బరు గొట్టం ఊడదీసి చూశాడు. లోపల వైరు తెగి ఉంది.

“దొరికింది సార్. కానీ ఇది పోయినవారం తెగింది కాదు. రాగి పచ్చబడిపోయింది చూడండి. ఎన్ని నెలల నుంచో ఇంతే. ఆ రోజు మీరు తాళం వేసుకుని వెళ్లారా?”

“లేదు. పాప నిద్రపోతోంది. రెండు నిమిషాలే కదాని తాళంచెవి సీటు మీదే వదిలేసి, తలుపు వేసి వెళ్లా. తెలిసినాయన కనిపిస్తే మాటల్లో అరగంట అయింది.”

“ఎండలోనా?”

కారాయన గొంతు తగ్గింది. “ఊఁ.”

“ఏం పోయాయి?”

“ఏమీ పోలేదు. పాపను ఎత్తుకుపోబోయాడు. మమ్మల్ని చూసి, అరుగు మీద నీడలో దింపేసి పరుగెత్తాడు. వీపే కనిపించింది. నలుగురం తరిమాం. నేనైతే రాయి కూడా విసిరా.”

“తలుపు తెరుచుకుంటే అద్దమెందుకు పగలగొడతాడు సార్?”

కారాయన లోపలున్న పిల్లల సీటుకేసి చూశాడు.

మెకానిక్ వెనక తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. పాత గాజుముక్కలు జలజలా రాలాయి. వాటితోపాటు నెత్తురు ఎండిన చొక్కాచెయ్యి పేలిక ఒకటి కింద పడింది.

నీలిగళ్లది.

కారాయన రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆ చివరా ఈ చివరా చూశాడు. ఎవరూ లేరు.

రాయి విసిరిన తన చేతిని చూసుకున్నాడు. కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లాడు.

అక్కడ, నీళ్లలో నానుతూ పడి ఉంది ఆ మనిషి విప్పేసిన కట్టు, ఆ చొక్కాలోని మిగతా ముక్క.