నెత్తళ్ళు ఎక్కరాని కారు

అప్పలసూరి ముక్కులాంటి ముక్కు విశాఖ రేవు మొత్తం మీద ఇంకొకటి లేదు. మస్కట్‌లో కూచున్నా సరే, గాలి ఇటు తిరిగిందంటే చాలు, భీమిలి ఒడ్డున ఎవరింటి ముందు ఏ చేప ఎండుతోందో, దానికి ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పేసేవాడు. అలాంటి ముక్కు ఆ పొద్దున్న కొత్త కారు డిక్కీలో దూరి, ఒక్కసారి గాలి పీల్చి, బయటికొచ్చింది.

"వొదినా! నెత్తళ్ళు!"

నూకాలు చంకలోని దిండు సర్దుకుంది. చెల్లెలు దుర్గని చూడ్డానికి జాలరిపేట నుంచి మస్కట్ దాకా విమానమెక్కి వచ్చిందావిడ. చెల్లెలూ, మరిదీ, తనూ కలిసి ఇప్పుడు కారులో సలాలా బయల్దేరుతున్నారు. వెయ్యి కిలోమీటర్ల ఎడారి దాటితే అక్కడ వానలు, పచ్చటి కొండలు, అచ్చం మన అరకేనట. పెళ్ళిళ్ళయ్యాక అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి ఒక ఊరికి పోవడం ఇదే మొదలు. కానీ మరిది అప్పలసూరి ముందే శాసనం చేశాడు: కొత్త కారులో ఎండుచేప ఎక్కితే, ఎక్కించినవాళ్ళు దిగిపోవాలి.

"పారీసినాను గదా మరిదీ," అంది నూకాలు. "నువ్వు సూత్తుండగానే మూట మూటంతా చెత్తడబ్బాలో పడీసినాను."

నిజమే, పడేసింది. తన చేత్తో, ఇసక తగలకుండా వల మీద ఎండబెట్టుకున్న నెత్తళ్ళు. అప్పగింతల్లో ఏడ్చినట్టు కళ్ళొత్తుకుంటూ, మేడ కింది డబ్బాలో మూట జారవిడిచి వచ్చింది.

"మరి ఈ కంపేటి?"

"నాకేటి తెల్సు? నీ ముక్కులోనే కాపరముందేమో."

"ఏసీ బండి వొదినా! అద్దాలు మూసీసి పోవాల. సలాలా సేరేతలికి మనిమే ఎండుసేపలైపోతాం."

"ఎండుసేపలకి పేరెట్టకు. మీ యమ్మ నిన్ను అంత మనిషిని సేసింది వాటితోనే."

దుర్గ మధ్యలోకి వచ్చింది. "ఏటయ్యా నీ గోల! ఎండెక్కిపోతంది. అప్పని ఎక్కనీ, ఎల్లిపోదుం."

"నువ్వూరుకో. సరుకు దొరికిందా, మీ యప్ప ఇంట్లోనే. ఇంటి తాళం ఆవిడ సేతిలో ఎట్టీసి మనం పోతాం."

నూకాలు కొంగు బిగించింది. "ఎతుక్కో. నాను ఎట్టిన పొట్లం ఈ డిక్కీలో దొరికితే నన్నిక్కడే ఒదిలీ."

వెతుకులాట మొదలైంది. అప్పలసూరి ముక్కు గురించి ఇందాక కాస్త ఎక్కువ చెప్పాను లెండి. అది ముందు నూకాలు చెప్పుల సంచీని పట్టుకుంది. సంచీలో చెప్పులే ఉన్నాయి. తర్వాత పులిహోర గిన్నె మూత తీయించింది, దుప్పట్ల మడతలు విప్పించింది, పాటల క్యాసెట్ల డబ్బా బోర్లించింది. ఆఖరికి ఓ గుడ్డల ఉండ దగ్గర ఆగి "ఇదీ! దొరికింది!" అని కేకేసింది. విప్పి చూస్తే అప్పలసూరి మేజోళ్ళు.

దుర్గ నవ్వలేదు. "సాల్లే, ఇంక డిక్కీ ముయ్యి," అంది.

"స్టెప్నీ కింద సూడలేదు."

"అక్కడేటుంటాది? గ్రీజూ, మట్టీ."

అప్పలసూరి స్టెప్నీ పైకెత్తాడు. దాని కింద, వెండి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి తళతళలాడింది. విప్పగానే మస్కట్ వీధిలోకి విశాఖ చేపల రేవు దిగింది.

"ఏటి వొదినా ఇది?"

"నాది కాదు మరిదీ!" నూకాలు నోరు వెళ్ళబెట్టింది. "ఇలాటి కాగితం నాను ఈ జన్మలో సుట్టలేదు."

అప్పలసూరి మెల్లగా దుర్గ వైపు తిరిగాడు. దుర్గ ఆకాశంలోకి చూస్తోంది.

"అప్ప మూట ఇప్పిన్నాడే గుప్పెడు తీసి దాసీసినాను," అంది ఆకాశంతోనే. "ఎన్నేళ్ళయిందో మన నెత్తళ్ళు తిని. ఏటి సేత్తావ్?"

"దిగిపోవాల. మాటంటే మాటే."

"సరే, దిగిపోతాను." దుర్గ కారు తాళం మొగుడి అరచేతిలో పెట్టింది. "మరి బండి నువ్వు నడుపు. రేవులో నీ క్రేను తిప్పినట్టు తిప్పుకుంటూ పో. లైసెన్సున్నది నాకు గదా, నీకేటి!"

అప్పలసూరి తాళంకేసి చూశాడు, ఎదురుగా ఉన్న రోడ్డుకేసి చూశాడు. పొట్లాన్ని మళ్ళీ వెండి కాగితంలో చుట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు స్టెప్నీ కింద పెట్టాడు. తాళం భార్యకి తిరిగిచ్చేశాడు.

"ఎక్కు వొదినా," అన్నాడు గొంతు తగ్గించి. "దారిలో ఎక్కడైనా పొయ్యి ఎలిగిత్తే నాకూ రెండు కాల్సండి."

అక్కచెల్లెళ్ళు ముందు సీట్లలో కూచుని పడీ పడీ నవ్వుతుంటే కారు కదిలింది. "అలిసిపోయినావు మరిదీ, తొంగో," అని నూకాలు వెనక సీట్లోకి తన దిండు అందించింది. అప్పలసూరి దాని మీద తల వాల్చి, సలాలాలో వాన మొదలయ్యేదాకా గుర్రుపెట్టాడు.

ఇదంతా జరిగిందే. నేను కల్పించింది ఒక్క ముక్కే: నూకాలు చెత్తడబ్బాలో నెత్తళ్ళు పారేసిందన్నాను చూశారూ, పారేసిన మూటలో ఉన్నది దిండు దూది.