వెంకటి సాక్ష్యం

“నువ్వు చెప్పాల్సింది ఒక్కటే మాట కాకా. ‘ఇంటికొస్తె నరుకుత’ అనాలె. గంతే,” అన్నాడు వకీలు హరికృష్ణ, ల్యాప్‌టాప్‌ను వెంకటి వైపు తిప్పుతూ.

వెంకటి భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. పక్కన కూర్చున్న భార్య మల్లవ్వ ల్యాప్‌టాప్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

“గా పాడు మాట మల్ల అనిపిస్తరా బిడ్డా?”

“ఉత్తగనే గదా చిన్నమ్మా! ఆ మాట మీదనే సుభాషిణి, నాగేష్ ఇంగ్లండ్‌ల ఉంటరు. లేకుంటె వెనక్కి పంపిస్తరు.”

ఆ మాట కొత్తదేం కాదు. కూతురు సుభాషిణి కులం కాని నాగేష్‌ను పెళ్లి చేసుకుందని తెలిసిన రోజు, గొడ్డలి పట్టుకుని బాబుపేట్ గల్లీలో నిలబడి వెంకటి అరిచిందే. గల్లీ అంతా విన్నది. ఎక్కడ దాక్కున్నారో గాని పిల్లలూ విన్నారు. తెల్లారేసరికి ఊళ్లో లేరు. ఆ తర్వాత నాగేష్ చదువు పేరుతో ఇద్దరూ ఇంగ్లండ్ చేరి, తిరిగిపోతే మామ చంపుతాడు, ఇక్కడే ఉండనివ్వండని అర్జీ పెట్టుకున్నారు. అక్కడి ఆఫీసు కొట్టేసింది. ఇప్పుడు కోర్టులో అప్పీలు; వెంకటి ఇక్కణ్నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పాలి. ఇదీ పోతే విమానం ఎక్కించేస్తారు.

వెంకటి సాస్తి బొగ్గు గనిలో బ్లాస్టింగ్ పని చేసి రిటైరైనవాడు. ముందు సైరన్ మోగించడం, మనుషులూ బర్రెలూ దూరం పోయారో లేదో చూసుకోవడం, ఆ తర్వాతే పేల్చడం. అతని చేతిలో ఎవరికీ చిన్న గాయమైనా కాలేదు. అందుకే గల్లీవాళ్లు అతని కోపం మీద ఎకసెక్కాలాడేవారు, వెంకటిది సైరనే గాని పేలుడు లేదని. మల్లవ్వదీ అదే నమ్మకం. అరిచే కుక్క కరవదంటారు కదా! అయినా ఎందుకైనా మంచిదని గొడ్డలిని మాత్రం బియ్యం డబ్బా వెనక దాచేసింది.

ఈ మధ్య మనిషి బాగా మెత్తబడ్డాడు. ఫోన్ వస్తే మల్లవ్వ చేతిలోంచి తీసుకుని, “తిన్నవా బిడ్డా? అల్లుడు మంచిగున్నడా?” అని అడుగుతున్నాడు. ఆ ధైర్యంతోనే సుభాషిణి నోరు తెరిచి అడిగింది. “బాపూ, నీకు కోపం పోయిందని మాకు ఎరుకే. గని కోర్టుల మాత్రం ఉన్నదని చెప్పు. మా కోసం ఒక్క అబద్ధం ఆడు.” వెంకటి సరేనన్నాడు.

తెర వెలిగింది. తెల్లజుట్టు జడ్జి ఏదో అడిగాడు. పక్కనున్న దుబాసీ తెలుగులో చెప్పింది. “మీ అల్లుడు తిరిగి వస్తే మీ వల్ల ఆయన ప్రాణానికి అపాయం ఉందా?”

వెంకటి నోరు తెరిచాడు. వకీలు వైపు చూశాడు. హరికృష్ణ కళ్లతోనే సైగ చేశాడు. వెంకటి తువ్వాలుతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

“లేదు సాబ్. ఆ దినం గట్ల మొత్తుకున్న. తప్పయింది. గిసుమంటి పని ఇంకోపారి చెయ్య. నా పిల్లల్ని నాకు పంపుండ్రి. అల్లుని కాళ్లు కడిగి ఇంట్లకు తీస్కుంట.”

తెర ఆరిపోయాక హరికృష్ణ నెత్తి పట్టుకున్నాడు. “కేసు ముంచితివి గద కాకా!”

“అంత పెద్దమనిషి ముందర అబద్ధం నోట్లెకెల్లి రాలేదు బిడ్డా,” అన్నాడు వెంకటి.

అనుకున్నంతా అయింది. చంపుతాడన్న మనిషే తప్పయిందని ఏడుస్తుంటే ఇంకా భయమేమిటని కోర్టు అప్పీలు కొట్టేసింది. కూడబెట్టుకున్న బతుకంతా వదిలి రావాలి. సుభాషిణి ఫోన్‌లో చాలాసేపు ఏడ్చింది. చివరికి తనే తేరుకుంది.

“నీ మీద కోపం లేదు బాపూ. నువ్వు ఏడుస్తుంటె ఆయన గూడ ఏడ్చిండు. పుణెల రూమ్ చూసుకుందామనుకున్నం గని, ఆయనే వద్దన్నడు. మొదలు మామ కాళ్లు మొక్కాలె అంటుండు.”

“ఇంటికే రాండ్రి బిడ్డా,” అన్నాడు వెంకటి.

మల్లవ్వకు ఒక కంట నీరు, ఒక కంట సంతోషం. పిల్లల బతుకు కూలింది, నిజమే. కానీ పిల్ల వాకిట్లోకి వస్తోంది. పండగలకు కూడా వెలిగించని దొడ్లో పొయ్యి అలికింది. అల్లుడికి మటన్ వండాలి, గల్లీలో నలుగురిని పిలవాలి.

“గొడ్డలి ఏడ దాసినవే? కట్టెలు కొట్టాలె గద,” అని వెంకటి అడిగితే నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ దాచానని తెలిసీ పాపం ఏమీ అనలేదు! బియ్యం డబ్బా జరిపి, బూజు దులిపి, తన చేత్తోనే అందించింది.

నాగ్‌పూర్‌లో విమానం దిగి బండెక్కామని పిల్లలు ఫోన్ చేశారు. మల్లవ్వ గడప కడిగింది. అల్లుడి కాళ్లకు చెంబుతో నీళ్లు పెట్టింది. దొడ్లోకి వచ్చి చూస్తే మొద్దులు మొద్దుల్లాగే ఉన్నాయి. వెంకటి సానరాయి ముందు కూర్చుని ఉన్నాడు.

“పొద్దుగాల్నుంచి నూరుతనే ఉన్నవ్, ఒక్క కట్టె కొట్టకపోతివి! పొయ్యి ఎప్పుడు ముట్టియ్యాలె?”

వెంకటి గొడ్డలి అంచును బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. వీధిలో బండి ఆగిన చప్పుడైంది. “బాపూ!” అని సుభాషిణి గొంతు వినిపించింది.

“ఏందయ్యా, పలుకవు? ఆ దినం గల్లంత వినేటట్టు ఒర్లితివి. ఇయ్యాల నోరే లేస్తలేదు!” అని మురిపెంగా దెప్పింది మల్లవ్వ.

“సైరన్ మోగిస్తె మల్ల ఉరుకుతరు,” అన్నాడు వెంకటి.