పేర్లన్నీ కరెక్టే

"తాళాలు ఇవ్వను నాన్నా. ఇంక అడగొద్దు."

రష్మి కారు తాళాలు పిడికిట్లో బిగించి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. చాపిన చెయ్యి చాపినట్టే కృష్ణమూర్తి డ్రైవ్‌వేలో నిలబడిపోయాడు. పొద్దుటినుంచీ ముసురు. గజ్జెల సంచీ భుజాన తగిలించుకుని ఏడేళ్ల నైనిక తల్లినీ తాతనీ మార్చి మార్చి చూస్తోంది. నాలుగింటికి దాని కూచిపూడి క్లాసు.

"మొన్న కరివేపాకు తెస్తానని బయల్దేరి ఎక్కడ తేలావో గుర్తుందా? వేరే ఊళ్ళో, లివర్‌మోర్‌లో! చీకటిపడ్డాక పోలీసాయన ఫోన్ చేస్తే గానీ నాకు తెలీలేదు."

"ఫ్రీవే మీద ఎగ్జిట్ తప్పింది. ఈ శాన్ రామన్‌లో ఎవరికి తప్పదే? నీకెప్పుడూ తప్పలేదా?"

"తప్పితే మ్యాప్ పెట్టుకుని వెనక్కొస్తా. పార్కింగ్ లాట్‌లో కూర్చుని వచ్చేపోయే వాళ్ళని మా ఇల్లెక్కడని అడగను."

"అంటే నాకు బుర్ర పాడైందంటావు. అంతేగా?"

ఆ మాట రష్మి అనలేదు. అనడానికే ఆమెకి భయం. మొగుడు రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తూ శనాదివారాలకి చుట్టం చూపుగా వస్తాడు. నాలుగింటికి తనకి మేనేజర్‌తో మీటింగ్. ఇంకో రౌండ్ లేఆఫ్‌లని ఆఫీసంతా గుసగుసలు. పిల్లని స్కూలుకీ క్లాసులకీ తిప్పేది ఈ ముసలాయనే. ఆయన డ్రైవ్ చెయ్యలేడంటే ఈ ఇల్లు ఎలా నడుస్తుందో ఆమెకి తెలీదు. అందుకే ఆయన బాగానే ఉన్నాడని ఎవరైనా చెబితే బాగుండునని ఉంది.

"సరే, పరీక్ష పెట్టుకో," అన్నాడు కృష్ణమూర్తి. "నువ్వు కారు చూపించు. దానికా పేరెలా వచ్చిందో నే చెప్తా. ఒక్కటి తప్పినా తాళాలు నీ దగ్గరే ఉంచుకో."

ఏ పాట్‌లక్ భోజనాల్లోనైనా పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆయన చెప్పే కబుర్లివే. పైగా మనవాళ్ళకో నమ్మకం ఉండనే ఉంది కదా. ఎక్కాలో పద్యాలో తడుముకోకుండా అప్పజెప్పాడంటే వాడి బుర్ర పాదరసమే, ఇంక తిరుగులేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ చూస్తే వచ్చే నెలకి గానీ దొరకలేదు. రష్మి ఎదురింటి వైపు చెయ్యి చూపించింది.

"అది?"

"సుబారు. జపాన్ భాషలో కృత్తికలు. ముందు బొమ్మలో చుక్కలు కనపడటం లేదూ? మన కార్తీకమాసానికి పేరిచ్చిన చుక్కలే వాళ్ళ కారుకీ పేరిచ్చాయి."

"ఆ పక్కన వోల్వో."

"లాటిన్‌లో 'దొర్లుతున్నాను' అని. నన్నడిగితే మాత్రం తల్లి ఒళ్ళో! అంత భద్రం."

నైనిక కిసుక్కున నవ్వింది.

"మూలమీదది ఆడి."

"దాన్ని పెట్టినాయన ఇంటిపేరు హోర్ష్. జర్మన్‌లో 'విను' అని. మొదట పెట్టిన కంపెనీలోంచి బయటికొచ్చేశాక, పాపం, సొంత పేరు వాడుకునే హక్కే లేకుండా పోయింది. అదే మాటని లాటిన్‌లోకి తిప్పి ఆడి అని పెట్టుకున్నాడు." కృష్ణమూర్తి నైనిక వైపు చూసి కన్నుగీటాడు. "మా గోదావరి జిల్లాలో అర్థం వేరేలే. ఎవరిదిరా ఆ కారు అంటే, ఆడి కారు! మనది కాదు."

రష్మికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది కానీ ఆగలేదు.

"టెస్లా?"

"సైంటిస్టు పేరు. రెండో అర్థం మీ ఆయన్నడుగు. ఎప్పుడు కొంటావయ్యా అంటే 'తెస్తాలే' అంటాడు."

"మెర్సిడెస్?"

"కార్లమ్మే ఒకాయన కూతురి పేరు. కూతురంటే అంత పిచ్చి ఆయనకి." తాళాలున్న ఆమె చేతి వైపు చూశాడు. "ఆ పిల్ల మాత్రం తండ్రి చేతిలోంచి తాళాలు లాక్కుని ఉండదమ్మా."

రష్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఛీ, కన్నతండ్రిని వీధిలో నిలబెట్టి చిన్నపిల్లాడిలా పాఠం అప్పజెప్పించుకున్నానే అని సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువ, గుండెల మీంచి బండ దించినట్టయింది. తన జన్మలో ఇన్ని పేర్లు ఇలా గుర్తుపెట్టుకోలేదు తను. ఈయనకా మతిమరుపు!

పిడికిలి విప్పింది.

"పేర్లన్నీ కరెక్టే. సారీ నాన్నా. ఏదో కంగారులో అనేశాను. ఫ్రీవే మాత్రం ఎక్కకు, సరేనా?"

"క్లాసుకి ఫ్రీవే ఎందుకే? తిన్నగా పోయి ఎడమకి తిరగడమేగా," అన్నాడాయన తాళాలు అందుకుంటూ. మొహం వెలిగిపోయింది.

వెనక సీట్లో నైనిక తనే బెల్టు పెట్టుకుంది. "మామ్, డోంట్ వర్రీ. తాతయ్యకి నేను హెల్ప్ చేస్తా కదా, ఎవ్రీ డే."

"నా బంగారుకొండ!" అని రష్మి కూతురి బుగ్గ మీద ముద్దుపెట్టి, మీటింగ్‌కి టైమవుతోందని లోపలికి పరుగెత్తింది.

కారు మెల్లగా వీధిలోకి వచ్చింది. స్టీరింగ్ మీద కృష్ణమూర్తి చేతులు వణకలేదు. ఎక్కడా గీత దాటకుండా తిన్నగా నడిపాడు. మలుపు దాటగానే మొదటి సిగ్నల్ వచ్చింది. తడిసిన అద్దంలోంచి ఎర్రటి వెలుగు ఆయన మొహం మీద పడింది. కారుని కొంచెం నెమ్మది చేసి, లోపలి అద్దంలో మనవరాలి వైపు చూస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"నైనికా తల్లీ, ఎరుపంటే వెళ్ళాలా, ఆగాలా?"