మూడోసారి మసకబారిన నక్షత్రం

మూడో అంతస్తు దాటాక లిఫ్టు ధడేల్మని ఆగిపోయింది.

దేదీప్య గడియారం చూసుకుంది. పదకొండింటికి పై అంతస్తులో మీటింగు. ఇంక ఇరవై నిమిషాలే.

అలారం నొక్కింది. "వస్తున్నాం" అంది ఓ గొంతు. ఎవరూ రాలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

ఎక్కడో దూరాన అచ్చం మన సూర్యుడిలాంటి నక్షత్రం. దాని చుట్టూ ఓ గ్రహం తిరుగుతోందని నాలుగేళ్లుగా ఈ అమ్మాయి వాదన. గ్రహం అడ్డొచ్చినప్పుడల్లా నక్షత్రం కాస్త మసకబారుతుంది. ఇప్పటికి రెండుసార్లు దొరికింది. మూడోది చూపించకపోతే ఇవాళ మీటింగులో టెలిస్కోపు వాడుకునే అవకాశం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇచ్చేశాక ఏడాదిదాకా మళ్లీ అడగడానికి లేదు. మేలో అమెరికా వీసా అయిపోతుంది. ఎంత వెతికినా ఆ మూడోది దొరకలేదు, పాపం!

లిఫ్టులో ఇంకో పెద్దాయన ఉన్నాడు.

"దేదీప్య అంటే నువ్వేనా అమ్మా?"

"మీకెలా తెలుసంకుల్?"

"వెబ్‌సైట్‌లో నీ ఫోటో చూశాను. నీకోసమే మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి డ్రైవ్ చేసుకొచ్చాను."

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. పెళ్లిసంబంధాల సైట్‌లో అమ్మ ఫోటో పెట్టిన పాపానికి, కిందటి నెల ఎవరో అంకుల్ కొడుకు బయోడేటా పట్టుకుని ఏకంగా అపార్ట్‌మెంట్‌కే వచ్చేశాడు. ఇప్పుడు లిఫ్టులోకి కూడానా!

"బయోడేటాలు మా అమ్మకి పంపండంకుల్."

"అది కాదమ్మా, ఇది ఒక్కసారి చూస్తే..."

"ఇక్కడ నా చదువూ వీసా పీకల మీదికొస్తే మీకు పెళ్లిగోలా? ప్లీజ్, నన్నొదిలేయండి!"

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఆయన మొహం చిన్నబోయింది. కాగితం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

పావుగంటకి లిఫ్టు కదిలింది. తలుపులు సగం తెరుచుకోగానే ఆమె వెనక్కి చూడకుండా పరుగు తీసింది.

మీటింగు ఎంతోసేపు పట్టలేదు. టెలిస్కోపు ఇంకో విద్యార్థి శ్రేయాస్‌కి ఇచ్చేశారు.

ఏడుపు దిగమింగుకుంటూ బయటికొస్తుంటే ఆఫీసులో పనిచేసే రేణు పిలిచింది.

"ఎవరో అంకుల్ నీకిమ్మని ఈ పేపర్ ఇచ్చి వెళ్లారు."

"ఎప్పుడు?"

"నువ్వు మీటింగ్‌లోకి వెళ్లగానే. లోపలికి తీసుకెళ్లి ఇస్తానన్నాను. 'వద్దమ్మా, పిల్ల అసలే టెన్షన్‌లో ఉంది, తర్వాతే ఇవ్వు' అన్నారు."

దేదీప్య మడత విప్పింది.

పాత రికార్డుల్లోంచి తీసిన గ్రాఫు. నక్షత్రం మూడోసారి మసకబారిన తేదీ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది.

కింద దేవకుమార్ అని సంతకం: ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నక్షత్రం మసకబారడాన్ని అందరికంటే ముందు కనిపెట్టిన వాలంటీరు, మొహమైనా ఎరగకుండానే ఆమె నాలుగేళ్లుగా తన ప్రతి రిపోర్టు మొదటి పేజీలో కృతజ్ఞతలు చెప్పుకుంటున్న మనిషి.