ఇంటర్వెల్ దాకా

ఇళ్లలోకి సినిమా పెట్టెలు వచ్చాక ఎవరి సినిమా వారిదే అయింది. ఇంటివాళ్ల వీడియోలు ఇస్తే పెట్టె వాళ్లతోనే కథ అల్లుతుంది. గుడివాడలో బట్టలు కుట్టే సలోమి దెయ్యం సినిమా అడిగింది. చనిపోయిన భర్త ఏసోబును అందులో దెయ్యంగా పెట్టించింది.

పదకొండు నెలలకు పెట్టెల కంపెనీ నుంచి మెకానిక్ పైడిరాజు వచ్చాడు.

"రోజూ ఇంటర్వెల్ దగ్గరే ఆగిపోతోందంటమ్మా. పెట్టె మార్చమన్నారు. కొత్తదాంట్లో మధ్యలో ఆపడాలుండవు."

"అదాగట్లేదు బాబూ, నేనే ఆపుతున్నా. తర్వాత పాస్టరొచ్చి ఆయన్ని తరిమేస్తాడు."

"పాస్టర్ని తీసేయించకపోయారా?"

"తీయించా. అప్పుడు ఆయనే నా పీక పట్టుకున్నాడు. బతికుండగా కాఫీలో పడ్డ చీమని కూడా వేలితో తీసి వదిలేవాడయ్యా."

"దెయ్యం సినిమా కదమ్మా. సెకండాఫ్‌లో దెయ్యమైనా పోవాలి, మనిషైనా పోవాలి. మరి ఇంటర్వెల్ దగ్గర ఏమవుద్ది?"

"తలుపు చప్పుడైతే తీస్తా. ఎదురుగా ఉంటాడు."

పాతది బాగానే ఉందని రాసుకుని పైడిరాజు కొత్త పెట్టెను మళ్లీ బండికి కట్టుకున్నాడు.

సలోమి కుట్టు మిషన్ ముందు కూర్చుని సినిమా మొదటి నుంచి పెట్టింది. అందులోనూ ఆమె ఒక్కతే కూర్చుని కుడుతోంది. తలుపు చప్పుడవడానికి ఇంకా గంటా పది నిమిషాలుంది.