కాలని వేళ్ళు

బోర్లించిన కుండ మీద పిండి గుడ్డను లాగి, లేచిన పూతరేకును లిఖిత వట్టి వేళ్ళతో తీసింది. కుండ వేడెక్కిందో లేదో ఆమె చెయ్యి పెట్టి చూడదు, పిండి చేసే చప్పుడు వింటుంది. వాళ్ళమ్మా అంతే. వేడికి జంకని ఈ పనితనం తమ వంశంలోనే ఉందని నాలుగు తరాలు చెప్పుకున్నాయి. జన్యు సూదులు పోలియో చుక్కలంత మామూలైపోయాక, కిందటి నెల ఇంటికొచ్చిన నర్సు తల్లీకూతుళ్ళిద్దరి నెత్తుటి చుక్కలు తీసి చూసి, అది పుట్టుకతో వచ్చే నరాల జబ్బని తేల్చేసింది.

"మీ వయసుకి సూది పనిచెయ్యదండి. అమ్మాయికి వేయించండి."

వేయించారు. ఇవాళ పదహారేళ్ళ ఇరా మళ్ళీ కుండ ముందు కూర్చుంది. రేకు తీయబోయి చటుక్కున చెయ్యి లాగేసుకుంది. రేకు చిరిగింది. రెండోదీ చిరిగింది.

"నా వల్ల కాదమ్మా. కాలతంది."

పొద్దున్నుంచి రెండు వందల రేకులు తీసిన లిఖితకి కసరడానికి కూడా ఓపిక లేదు. మచ్చలు పడ్డ తన వేళ్ళను చీరకు తుడుచుకుని, కూతురి చేతిని ఒళ్ళోకి తీసుకుంది. ఇరుగుపొరుగు తల్లులు చేయగా చూసినట్టే, ఎర్రబడ్డ వేలి మీద ఊదింది.

"కాలితే ఎలాగుంటదే?" అని అడిగింది.